బావరి భయం: గోదావరి తీరంలో ఒక బౌద్ధ వృత్తాంతం

మందమర్రికి దక్షిణంగా ప్రవహించే గోదావరి ప్రస్తావన పాళీ సుత్తనిపాతంలో ఉంది. ఆ గ్రంథంలో ఐదవదీ, చివరిదీ అయిన పారాయణవర్గం బావరి వృత్తాంతంతో మొదలవుతుంది. మనసును కలచివేసే ఆలోచనను బౌద్ధం ఎలా ఎదుర్కొన్నదో ఈ వృత్తాంతం ద్వారా తెలుసుకుందాం.

వృత్తాంతం

బావరి కోసల దేశం నుంచి దక్షిణాపథానికి వచ్చి, అస్సక (అశ్మక) రాజ్యంలో గోదావరి ఒడ్డున నివసించిన బ్రాహ్మణ గురువు. ఆ చోటు నేటి నిర్మల్ జిల్లాలోని బాదనకుర్తి అని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. యజ్ఞంలో ఉన్నదంతా దానం చేసిన బావరిని ఒక బ్రాహ్మణుడు 500 నాణేలు అడిగాడు. లేవనగానే, ఏడవ రోజున నీ తల ఏడు ముక్కలవుతుందని శపించాడు. బావరి భయంతో ఆహారం మానాడు. అతని మనసు ధ్యానంలో నిలవలేదు. శపించినవాడు వంచకుడని, తల గురించి తెలిసినవాడు బుద్ధుడని ఒక దేవత చెప్పింది. బావరి తన 16 మంది శిష్యులను బుద్ధుని వద్దకు పంపగా, వారు పైఠన్, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి మీదుగా ప్రయాణించి చివరికి మగధకు చేరారు.

బుద్ధుని సమాధానం

బుద్ధుడు శాంతిని గానీ, ప్రాయశ్చిత్తాన్ని గానీ సూచించలేదు. అవిద్యే తల అని, శ్రద్ధ, స్మృతి, సమాధి, సంకల్పం, వీర్యాలతో కూడిన విద్య దానిని ఛేదిస్తుందని వివరించాడు. భయపెట్టిన మాటే విముక్తిని సూచించే మాటగా మారింది.

మజ్ఝిమనికాయంలోని వితక్కసంఠాన సుత్తం ఇటువంటి ఆలోచనలకు ఐదు ఉపాయాలు చెబుతుంది: మంచి ఆలోచనను నిలపడం, చెడు ఆలోచన వల్ల కలిగే కీడును గమనించడం, దానిని పట్టించుకోకపోవడం, దాని మూలాన్ని క్రమంగా శాంతింపజేయడం, చివరికి పట్టుదలతో అణచడం. మూలానికి వెళ్లడంలో బావరికి అందిన సమాధానం నాలుగవదానికి దగ్గరగా ఉంది.

చారిత్రక విలువ

పారాయణవర్గానికి ప్రాచీన వ్యాఖ్య అయిన చుల్లనిద్దేసం, శిష్యుల ప్రశ్నలను వివరించింది గానీ ఈ ఉపోద్ఘాత కథను వివరించలేదు. అందుచేత కథ తరువాత చేరినదని పండితులు భావిస్తారు. దీనిని బావరి జీవితచరిత్రగా తీసుకోలేం. పెద్దపల్లి జిల్లా ధూళికట్టలోని స్తూపం ఈ ప్రాంతంలో బౌద్ధం వేళ్లూనుకున్నదనడానికి భౌతిక ఆధారం. అది కూడా బావరి ఉనికిని రుజువు చేయదు. అయినా, శాపభయానికి మరో మంత్రం కాక అవగాహనే మందు అన్న భావాన్ని బౌద్ధులు గోదావరి తీరంతో ముడిపెట్టారు. ఈ ప్రాంత భావచరిత్రకు ఈ కథ అందించే ఆధారం అదే.

అభ్యాసం: బావరి కథను సాహిత్య ఆధారంగా వాడేటప్పుడు చరిత్రకారుడు పాటించవలసిన జాగ్రత్తలేవి?