రామదాసు పాటలో ఆఖరి చరణం

పోయిన శ్రీరామనవమికి మనం పంచిపెట్టిన పాటల కాగితం పాఠకుల ఇళ్ళలో ఎక్కడో ఒకచోట ఇంకా ఉండే ఉంటుంది. అందులో రామదాసు కీర్తనలు అయిదు వేశాము. వాటిలో నగల లెక్క చెప్పే కీర్తనకు ఆఖరి చరణం లేదు. కాగితం అడుగున చోటు చాలక మేమే తీసేశాము. పిల్లలకు పాట పొడుగైపోతుందన్నది మేము చెప్పుకొన్న రెండో సాకు. ఎవరూ గమనించరులే అనుకొన్నాము.

ఒక సభ్యుడు గమనించారు. ప్రసాదం తీసుకొంటూ, "ఆఖరి చరణం ఏదండీ?" అని అడిగారు. సంగీతం తెలిసినవారు, పాఠం సరిగా లేదంటున్నారు కాబోలు అనుకొని నవ్వేసి ఊరుకొన్నాము. అప్పటికి ఆయన ఉద్యోగం పోయి అయిదు నెలలయిందనీ, రోజూ పొద్దున్నే టిఫిను డబ్బా పట్టుకొని బయలుదేరి సాయంకాలందాకా లైబ్రరీలో కూర్చుంటున్నారనీ, ఇంట్లో వారికి కూడా చెప్పలేదనీ మాకు తెలిసింది దసరా వెళ్ళాకనే. ఆయన అనుమతితోనే ఈ మాట వ్రాస్తున్నాము. పేరు వద్దన్నారు.

ఆయన అడిగిన ప్రశ్నకు మేము అప్పుడే జవాబు చెప్పవలసింది. ఆలస్యంగానైనా చెబుదామని ఈ వ్యాసం.

కంచెర్ల గోపన్న ఖమ్మం జిల్లా నేలకొండపల్లి వాడు. గోలకొండ సుల్తాను అబుల్ హసన్ కుతుబ్ షా, అంటే మన తానీషా, 1672లో సింహాసనమెక్కాడు. ఆయన కొలువులో అక్కన్న, మాదన్న అనే అన్నదమ్ములు పైకి వచ్చి, మాదన్న ప్రధానమంత్రి అయ్యాడు. ఈ అన్నదమ్ములు గోపన్నకు మేనమామలనీ, వారి సిఫారసు వల్లనే అతనికి పాల్వంచ పరగణా తహసీలు దొరికిందనీ చెబుతారు. భద్రాచలంలో గోపన్న గుడి కట్టించాడు. వసూలు చేసిన శిస్తు గోలకొండకు చేరలేదు. అతన్ని ఖైదు చేశారు. పన్నెండేళ్ళు ఖైదులో ఉన్నాడనీ, చివరికి రామలక్ష్మణులే బంట్లవలె వచ్చి తానీషాకు పైకం చెల్లించి రసీదు పుచ్చుకొన్నారనీ కథ. ఇంతవరకు మనందరికీ తెలిసినదే. సినిమాలు కూడా చూశాము. 1964లో నాగయ్య గారు తానే తీసి, తానే రామదాసుగా నటించిన చిత్రం పెద్దలకు జ్ఞాపకముంటుంది. పిల్లలకు తెలిసినది 2006లో వచ్చిన నాగార్జున గారి 'శ్రీరామదాసు'.

కథలో కనపడనిది రాజ్యం ఖజానా సంగతి. గోలకొండ పేరుకు స్వతంత్ర రాజ్యమే గాని, 1636 నుంచి మొగలు చక్రవర్తికి ఏటా రెండు లక్షల హొన్నులు కప్పం కట్టే ఒప్పందం నెత్తిన ఉన్నది. హొన్ను అన్నా వరహా అన్నా ఒకటే నాణెం. 1677లో శివాజీ సైన్యంతో సహా వచ్చి దక్షిణాది దండయాత్రకు సాయం అడిగితే ఆయనకూ ధనం, ఫిరంగులు ఇవ్వవలసి వచ్చింది. ఒకవైపు ఢిల్లీ, ఒకవైపు రాయగఢ్, నడుమ ఖజానా. గోపన్న వాడిన సొమ్ము ఆరు లక్షల వరహాలని కథ చెబుతుంది. ఆ లెక్కే నిజమనుకొంటే అది మూడేళ్ళ కప్పం. అటువంటి బకాయిని మంత్రి మేనల్లుడైనా సరే మాఫీ చేయడం తేలిక కాదు. పైగా మేనల్లుడు గనుక అసలే కుదరదు. కొలువులో మాదన్న వంక వేలు చూపించడానికి కాచుకొని ఉన్నవారు తక్కువేమీ కాదు. 1686లో ఆ అన్నదమ్ములిద్దరినీ గోలకొండలోనే చంపివేశారు. తానీషా దుర్మార్గుడని గాని, గోపన్న దొంగ అని గాని అనుకొంటే కథ తేలికవుతుంది. మాకు ఆ రెండూ నిజమనిపించవు.

ఇక దెబ్బల సంగతి. పదిహేడవ శతాబ్దం మొదటి భాగంలో మచిలీపట్నంలో పనిచేసిన ఇంగ్లీషు కంపెనీ ఉద్యోగి విలియం మెత్‌వోల్డ్ గోలకొండ రాజ్యాన్ని గురించి ఒక వివరణ వ్రాశాడు. శిస్తు వసూలు హక్కులను అక్కడ వేలం వేసేవారనీ, బకాయి పడిన అధికారులను బెత్తాలతో కొట్టేవారనీ, అట్లా దెబ్బలు తిని ఒక అధికారి చచ్చిపోయాడనీ అందులో ఉన్నది. అది గోపన్నకు యాభై ఏళ్ళ ముందు సంగతి. అంటే రామదాసును కొట్టారన్న మాట భక్తులు కన్నీళ్ళకోసం కల్పించినది కానక్కరలేదు. ఆ రాజ్యంలో బకాయిలు రాబట్టే పద్ధతే అది.

ఇప్పుడా కీర్తన చూడండి. మనం దానిని చప్పట్లు కొడుతూ హుషారుగా పాడుతాము. నిజానికి అది జమాఖర్చుల పద్దు. ఫలానా నగ చేయించాను, దానికి ఇంత పట్టింది, ఇంకొకటి చేయించాను, దానికి ఇంత పట్టింది అని వరుసగా చెప్పుకొస్తాడు. సీతమ్మకు, తమ్ములు ముగ్గురికీ, చివరికి రాముడికి. తహసీల్దారు భాష అది. అడుగుతున్నది దర్బారు. జవాబు చెబుతున్నది మాత్రం రాముడికి. దర్బారుకు చెప్పవలసిన లెక్కను దేవుడికి చెప్పడంలోనే ఒక ధిక్కారం ఉన్నదని మాకు తోస్తుంది. నా యజమాని ఎవరో నాకు తెలుసు, ఆయన దగ్గరే లెక్క తేల్చుకొంటాను అన్నట్టు.

అయితే లెక్క చెబుతూ చెబుతూ గొంతు మారుతుంది. ఈ నగలు పెట్టుకొని కులుకుతున్నావే, ఎవరబ్బ సొమ్మనుకొన్నావు అని నిలదీస్తాడు. నీ తండ్రి ఇచ్చాడా, నీ మామ పంపాడా అని ఎద్దేవా చేస్తాడు. ఇక్కడికి వచ్చేసరికి మన సభలో ఎప్పుడూ నవ్వులు వినపడతాయి. భక్తుడికి దేవుడి దగ్గర ఎంత చనువో అని ముచ్చటపడతాము. ఆ తరువాతదే మేము తీసేసిన చరణం. తిట్టానని బాధపడవద్దు, దెబ్బలు ఓర్చుకోలేక తిట్టాను అంటాడు. పాట మొత్తం ఆ మాటకోసమే నడిచింది. అది తీసేస్తే మిగిలేది నగల జాబితా, ఒక వేళాకోళం.

రామదాసు కీర్తనలన్నీ ఒకే మనఃస్థితిలో పుట్టినవి కావు. ఒక పాటలో దబాయింపు, ఇంకొకదానిలో బ్రతిమాలుట. ఒకచోట రాముడు పలకడం మానేశాడని వాపోతాడు, పలుకు బంగారంతో సమానమైపోయిందా అన్నట్టు. ఇంకొకచోట నేరుగా అడగడానికి మొగం చెల్లక, ఏకాంతంలో ఉన్నప్పుడు కాస్త నా మాట చెప్పమ్మా అని సీతమ్మను పట్టుకొంటాడు. మనమూ చిన్నప్పుడు నాన్నగారి దగ్గర పని కావాలంటే అమ్మ కొంగే గదా పట్టుకొన్నది. తప్పు నాదే అంటాడు, మళ్ళీ నీదే అంటాడు. ఏ పాట ముందు కట్టాడో, ఏది ఖైదులో కట్టాడో తేల్చే ఆధారం లేదు గనుక వాటిని వరుసలో పెట్టి ఒక రోగచరిత్ర తయారుచేయడం సబబు కాదు. మూడు వందల ఏళ్ళనాటి మనిషి నాడి చూసి జబ్బు పేరు చెప్పడం మా పని కాదు, మా సంఘంలో వైద్యులు ఎంతమంది ఉన్నా సరే. కాని కోపం, సిగ్గు, ఆశ, ఒంటరితనం ఒకదానిమీద ఒకటి వచ్చిపడే మనస్సు ఆ పాటల్లో ఉన్నదని చెప్పడానికి వైద్యుడు అక్కరలేదు.

దిగులును దిగులని చెప్పిన మనిషి అతడు. మనకు అది చేతకాదు. ఆదివారం ఇండియాకు ఫోను చేస్తే "అంతా బాగున్నాం" అన్నదే మొదటి మాట, చివరి మాట కూడా. నిద్రపట్టక పోయినా బాగున్నామే, ఉద్యోగం ఊడినా బాగున్నామే. మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్ళవలసి వస్తే మన తెలుగువారెవరూ ఉండని ఊరు చూసుకొని వెళతాము.

ఈ సందర్భంలో ఇంకొక కవి జ్ఞాపకం వస్తున్నాడు. గరిమెళ్ళ సత్యనారాయణ గారు 1920ల మొదట్లో తెల్లదొరల పాలన వద్దని పాట కట్టి జైలుకు వెళ్ళారు. ఆ పాట ఊరూరా పాడారు. అర్థం తెలియని దొరలకు కూడా దాని ఊపు చూసి భయం వేసిందంటారు. స్వరాజ్యం వచ్చాక ఆయన మద్రాసులో దరిద్రంతో తీసుకొని 1952లో పోయారు. ఆ చివరి ఏళ్ళలో ఆయన మనస్సు ఎట్లా ఉన్నదో అడిగినవారు తక్కువ. రామదాసు విషయంలో భక్తిని ఉంచుకొని రాజకీయాన్నీ బాధనూ వదిలేశాము. గరిమెళ్ళ విషయంలో రాజకీయాన్ని ఉంచుకొని మనిషిని వదిలేశాము.

తానీషా సంగతి కూడా చెప్పాలి. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తరువాత ఔరంగజేబు గోలకొండను పట్టుకొన్నాడు. తానీషాను దౌలతాబాదు కోటలో బంధించారు. ఆయన అక్కడే, దాదాపు పన్నెండేళ్ళు బందీగా ఉండి, మరణించాడు. గోపన్నకు కథ చెప్పే ఖైదు కూడా పన్నెండేళ్ళే. భద్రాచలంలో ఈనాటికీ నవమి కల్యాణానికి ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు వెళతాయి, ఆ ఆనవాయితీ తానీషా పెట్టినదనే చెబుతారు.

గోలకొండకు వెళ్ళినవారు రామదాసు బందిఖానా చూసే ఉంటారు. గోడమీద చెక్కిన రాముడి, ఆంజనేయుడి బొమ్మలు ఉన్నాయి. బయటి ఎండలోంచి లోపలికి వెళ్ళిన వెంటనే ఏమీ కనపడదు. కళ్ళు అలవాటు పడేదాకా ఆగాలి. మనవాళ్ళు చాలామంది ఆగరు, ఫోటో తీసుకొని పైనున్న బాలాహిస్సారుకు పరుగెడతారు. కిందటిసారి వెళ్ళినప్పుడు మేమూ అంతే చేశాము.

ఈ పాటలు మనదాకా వచ్చింది భజన గోష్ఠుల నోటిమీదుగా. వాటిని కచేరీ స్థాయికి తెచ్చి, విజయవాడ రేడియో భక్తిరంజనిలో తెల్లవారుజామున ఇంటింటికీ చేర్చినవారిలో ముఖ్యులు బాలమురళీకృష్ణ గారు. మనలో చాలామందికి రామదాసు అంటే ఆ గొంతే. వాకిట్లో నీళ్ళు చల్లే చప్పుడు, కాఫీ వాసన, ఆ గొంతు. అంత తీయగా విన్నందువల్లనే కాబోలు, దెబ్బల మాట మన చెవిని పడలేదు.

లైబ్రరీలో కూర్చున్న మన సభ్యుడు ఆ చరణాన్ని ఎందుకడిగారో తరువాత చెప్పారు. ఆయనకు ఇంట్లో చిన్న చిన్న విషయాలకే కోపం వచ్చి పిల్లలమీద అరవడం మొదలయిందట. అరిచాక క్షమాపణ చెబుదామంటే కారణం చెప్పాలి, కారణం చెబితే ఉద్యోగం సంగతి బయటపడుతుంది. "ఆ చరణం నలుగురితో కలిసి గట్టిగా పాడవచ్చు గదా అని ఆ రోజు వచ్చానండీ. తీరా చూస్తే కాగితంలో లేదు" అన్నారు. మేము ఏమీ మాట్లాడలేకపోయాము. ఆయనకు ఇప్పుడు వేరే ఉద్యోగం దొరికింది. జీతం మునుపటికంటె తక్కువ. ఇంట్లో అన్నీ చెప్పేశారు.

వచ్చే నవమికి పాటల కాగితం రెండు వైపులా వేస్తున్నాము. రామదాసు కీర్తనలు చరణాలన్నిటితో ఉంటాయి. నగల పాటను ఆయనే పాడిస్తామన్నారు. పిల్లల చేత సాధన చేయించడానికి ప్రతి శనివారం సాయంకాలం వారింటికే రమ్మంటున్నారు.