షేర్ ఆటో ఎక్కుతున్నారా? ముందు తలలు లెక్కపెట్టండి

మెట్రో దిగి కాలనీ లోపలికి వెళ్లాలంటే హైదరాబాద్‌లో చాలామందికి షేర్ ఆటోనే దిక్కు. దీనికి నంబర్ బోర్డు ఉండదు, టైమింగ్స్ ఉండవు. ఉప్పల్‌లోనో, దిల్‌సుఖ్‌నగర్‌లోనో రోడ్డు పక్కన నిలబడితే ఎక్కడికి వెళ్తుందో డ్రైవరే అరిచి చెబుతాడు. నిండితే గానీ బండి కదలదు. 1978లో ఏర్పాటైన సెట్విన్ పేరుతో జంట నగరాల్లో తిరిగిన మినీ బస్సులు పాతతరం వాళ్లకు గుర్తుండే ఉంటాయి. ఇప్పుడు గల్లీ చివరి దాకా వెళ్లే పని ఎక్కువగా ఆటోలదే.

ఇలా షేర్ చేసుకోవడం చట్టబద్ధమేనా?

ఆటోకు ఇచ్చేది కాంట్రాక్ట్ క్యారేజ్ పర్మిట్. బేరం కుదుర్చుకున్న వాళ్లను ఒకచోట ఎక్కించుకుని మరోచోట దించాలి. ఆ బేరంలో లేనివారిని దారిలో ఎక్కించుకోకూడదు. స్టాపు స్టాపుకీ ఎక్కించుకుంటూ, దించుకుంటూ వెళ్లాలంటే సిటీ బస్సులకు ఉన్నట్టు స్టేజ్ క్యారేజ్ పర్మిట్ కావాలి. రోజూ మన కళ్ల ముందు జరుగుతున్నది వేరు. ఛార్జీ విషయం కూడా అంతే. మీటర్ రేటు మొత్తం ఆటోకు వర్తిస్తుంది, తలకింత అనే లెక్క అందులో లేదు. కాబట్టి ఎక్కే ముందే అడగడం మేలు.

ప్రమాదం జరిగితే?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మామూలు ఆటోలో డ్రైవర్ కాకుండా ముగ్గురికే అనుమతి. ఎంతమందికి అనుమతి ఉంటే బీమా కూడా అంతమందికే. డ్రైవర్ పక్కన అంచు మీద కూర్చునే నాలుగో మనిషి ఆ లెక్కలోకి రాడు (ఆ అరసీటుకూ ఫుల్ ఛార్జీయే!).

2007లో అంజనా శ్యామ్ కేసులో సుప్రీంకోర్టు దీనిపై స్పష్టత ఇచ్చింది. అది పరిమితికి మించి జనాన్ని ఎక్కించుకున్న బస్సు కేసు. అనుమతి ఉన్న సంఖ్య వరకే బీమా కంపెనీ బాధ్యత వహించాలని కోర్టు చెప్పింది. అందుకోసం పెద్ద మొత్తం పరిహారాలనే లెక్కలోకి తీసుకోవాలంది. ఆ డబ్బును బాధితులందరికీ దామాషా ప్రకారం పంచాలని, మిగిలింది బండి యజమాని నుంచి రాబట్టుకోవాలని తెలిపింది. అంటే, కిక్కిరిసిన ఆటోలో సరైన సీట్లో కూర్చున్నవారి వాటా కూడా తగ్గొచ్చు. అప్పుల మీద బండి నడుపుకొనే యజమాని నుంచి మిగతాది వసూలు చేయడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు.

చికిత్స వరకు కొంత ఊరట ఉంది. కేంద్రం 2025లో తెచ్చిన నగదు రహిత పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు ప్రమాదం జరిగిన నాటి నుంచి 7 రోజుల పాటు రూ.1.5 లక్షల వరకు వైద్యం అందుతుంది.

ఎక్కే ముందు బండి నంబర్ ఫొటో తీసుకోండి. ఎంపరివాహన్ యాప్‌లో ఆ నంబర్ కొడితే ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్ ఎప్పటిదాకా ఉన్నాయో తెలుస్తుంది. రాత్రిపూట ఒంటరిగా వెళ్లే మహిళలు 100కు ఫోన్ చేసి 8 నొక్కితే తెలంగాణ పోలీసుల టీ-సేఫ్ సేవ ద్వారా ప్రయాణాన్ని ట్రాక్ చేస్తారు. దీనికి యాప్ అవసరం లేదు.