పట్టంచు, నూలు ఒడలు

వెల హెచ్చు బట్టను వెల తక్కువ బట్టతో జతపరచి సొగసు తెచ్చుట నేటి ఫ్యాషను పత్రికలు కనిపెట్టిన నేర్పని కొందరు తలంతురు. దక్కను మగ్గముల చరిత్ర నెరిగినవారి కా భ్రమ కలుగదు.

ముందుగా మష్రూ అను వస్త్రమును చూతము. అరబ్బీలో ఆ మాటకు ధర్మసమ్మతమని అర్థము. ఇస్లాము సంప్రదాయము ననుసరించి పురుషులు మేనికి తగులునట్లు పట్టు ధరింపరాదు. పట్టుపై మోజు చావదు; నియమమును మీరరాదు. ఈ చిక్కును నేతగాండ్రు మగ్గముమీదనే విడదీసిరి. పడుగు పట్టు, పేక నూలు. పట్టుపోగులు పైకి తేలునట్లును, నూలు అడుగున నిలుచునట్లును నేసిరి. చూచువారికి పట్టు నిగనిగ, తొడిగినవానికి నూలు చల్లదనము! నిండు పట్టుకంటె చౌక గనుక ఇతర మతస్థులును దీని నాదరించిరి. కచ్ఛు ప్రాంతపు స్త్రీలు రవికలకును పావడాలకును దీనిని వాడిరి.

ఔరంగాబాదు హిమ్రూ కథ వేరు. ముహమ్మద్ బిన్ తుగ్లకు 1327లో రాజధానిని ఢిల్లీ నుండి దౌలతాబాదునకు మార్చినపుడు వెంట వచ్చిన నేతగాండ్రు ఈ విద్యను తెచ్చిరని జనశ్రుతి. బంగారు, వెండి పోగుల కింఖాబు ప్రభువులకే తగును. దాని పోలికలనే నూలు పడుగుపై పట్టుపేకతో తీర్చినది హిమ్రూ. ఆ ఊరు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిదే గనుక, హిమ్రూ షేర్వాణీయు దాని క్రింద తెల్లని నూలు పైజామాయు హైదరాబాదువారికి ఎరుకైన వేషమే.

ఇక గద్వాల. కృష్ణా తుంగభద్రల నడుమ నున్న నడిగడ్డలో పూర్వము సంస్థానమునకు రాజధానియై, 2016 నుండి జిల్లాకేంద్రమైన ఊరిది. అక్కడి చీరకు ఒడలు, అనగా నడిమి భాగము, నూలు. అంచులును కొంగును పట్టు, వానిపై జరీ. వీనిని సూదితో కుట్టి చేర్చరు. నడుమ నూలుపేకతో నొక నాడె, ఇరుప్రక్కల పట్టుపేకతో రెండు నాడెలు నడచును. ఒడలి పేకయు అంచు పేకయు ఎదురైన చోట ఒకదాని నొకటి పెనవేసికొని వెనుకకు మరలును. మూడు నాడెలకు ఒక్కరి చేతులు చాలవు. తోడుగా మరియొకరు, తరచుగా ఇంటివారే, మగ్గము చెంత కూర్చుందురు. కొంగు దగ్గరకు వచ్చునప్పటికి నూలుపడుగును ఆపి, పోగు పోగునకు పట్టుపోగు అతుకవలె. వేలకొలది పోగులు!

ఇంత శ్రమ యెందులకు? చీర కట్టినపుడు పదిమంది కంటబడునవి పైటకొంగు, అంచు, కుచ్చిళ్ల అడుగుభాగము. మేని నంటియుండునది ఒడలు. చూపు నిలుచుచోట పట్టునుంచి, చెమట పట్టుచోట నూలునుంచిన ఆ లెక్క నాకెంతో గౌరవము గొల్పును. ఐనను దీనిని పేదల చీర యనరాదు. నూలు వలన మిగిలిన సొమ్ములో కొంత ఈ అతుకుల కూలియే మ్రింగును.

నేడు గద్వాలలో నిండు పట్టు చీరలును నేయుచున్నారు. పెండ్లి బేరములు వానినే కోరుచున్నవి. మరియొకవైపు మరమగ్గపు అనుకరణలు. నేతగానిని తప్పుపట్టుటకు నోరాడదు, అతని కూలి అతనికి గిట్టవలెను గదా. కాని నూలు ఒడలు పూర్తిగా తొలగిపోయిన నాడు ఆ చీరను గద్వాలదని పిలుచుటకు ఊరిపేరు తప్ప వేరు కారణము మిగులునా యని నా సందేహము.

చీరలో ముందుగా చిరుగునది ఒడలే. పట్టంచు చాల ఏండ్లు నిలుచును. మన యిండ్లలో ఆ అంచును జాగ్రత్తగా విప్పి ఆడపిల్ల నూలు పరికిణీకి కుట్టుట నిన్న మొన్నటి వరకు నుండెను. పండుగనాడు ఆ పిల్ల వీధిలోనికి వచ్చినపుడు గుడ్డ వెల యెవరును అడుగరు. అంచు ఎవరి పెండ్లిచీరదో మాత్రము అరుగుమీది ముసలమ్మలు ఇట్టే ఆనవాలు పట్టుచుండిరి.