ఇంట్లోనే ఉంటారు కదా!

మా అపార్ట్‌మెంటు సంఘం వాళ్ళు పోయిన ఏడాది ప్రతి ఫ్లాటుకీ ఒక ఫారం పంచారు. 'వృత్తి' అన్నచోట మా ఆయన పేరుకెదురుగా ఆయన ఉద్యోగం, నా పేరుకెదురుగా 'గృహిణి' అని సెక్రటరీగారే నింపి తెచ్చారు. చెన్నై వేళచ్చేరిలో ఈ రెండో అంతస్తు గదిలోంచి ఆరేళ్ళుగా హైదరాబాదులోని ఒక సంస్థకి అనువాదాలు చేస్తున్నాను, రోజుకి తొమ్మిది గంటలు. ఆ సంగతే చెప్పాను. "ఇంట్లోనే ఉంటారు కదమ్మా" అన్నారాయన, ఇందులో తప్పేముందన్నట్టు.

ఈ మాట నాకు కొత్త కాదు. నరసాపురం దగ్గరి పల్లెలో మా అమ్మమ్మ లేసు అల్లేది. మధ్యాహ్నం అంట్లు తోమాక అరుగు మీద కూచుంటే దీపాలు పెట్టేదాకా కొక్కెం సూది ఆగేది కాదు. దారం ఏజెంటు ఇచ్చేవాడు, అల్లినది వాడే పట్టుకెళ్ళేవాడు, రేటూ వాడిదే. అది ఏ దేశంలో ఎవరి బల్లమీద పరుస్తారో ఆమెకి తెలీదు. ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే "ఏముంది, ఇంట్లోనే" అనేది. జర్మన్ స్త్రీవాది మరియా మీస్ నరసాపురం లేసు పనివాళ్ళ గురించి రాసిన పుస్తకం 1982లో వచ్చింది. ప్రపంచ మార్కెట్టుకి సరుకు తయారుచేస్తున్న ఈ ఆడవాళ్ళని 'తీరిక వేళల్లో ఏదో అల్లుకునే గృహిణులు'గా చూడటం వల్లే వాళ్ళ కూలి అంత తక్కువగా ఉండగలిగిందని ఆమె వాదించింది. గోషా, కులగౌరవం కూడా వ్యాపారికి పెట్టుబడే అయ్యాయి. బయటికి రాని మనిషి పక్కింటి రేటెంతో ఎలా అడుగుతుంది?

నేనుంటున్న నగరంలో ఈ ఏర్పాటు ఇంకా పాతది. 1734లో గవర్నర్ జార్జ్ మోర్టన్ పిట్ హయాంలో ఈస్టిండియా కంపెనీ కూవం నది ఒడ్డున, సుంకు రామచెట్టి అనే తెలుగు వర్తకుడి తోట ఉన్నచోట, చింతాద్రిపేట కట్టించింది. తమిళంలో 'తరి' అంటే మగ్గం. చిన్న మగ్గాల పేట అన్నమాట. నేతగాళ్ళనీ, నూలు వడికేవాళ్ళనీ, అద్దకం వాళ్ళనీ తెచ్చి ఇళ్ళిచ్చి కూచోబెట్టారు. ఇల్లే కార్ఖానా. ఒక్క మగ్గానికి నూలు అందించాలంటే ఎన్నో చేతులు వడకాలి. ఆ చేతుల్లో ఎక్కువ ఆడవాళ్ళవే. అయినా చరిత్రలో మనకి దొరికేవి గవర్నరు పేరూ, చెట్టిగారి పేరూ. వడికినావిడ పేరు ఏ పద్దులోనూ కనబడదు. నేను ఆ వీధుల్లో రెండుసార్లు తిరిగాను. ఇప్పుడక్కడ మగ్గం చప్పుడు లేదు.

ఇక మన కాలానికి వస్తే, ఇంటిదగ్గర చేసే పని కూడా పనేనని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒప్పందంలో ఒప్పుకుంది. మన దేశం ఇంతవరకు దాన్ని ఆమోదించలేదు. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పుడు, పని స్వభావం అనుమతిస్తే, యజమానీ ఉద్యోగినీ ఒప్పుకుంటే, సెలవు తర్వాత ఇంటినుంచి పని చెయ్యవచ్చన్నారు. ఈ వెసులుబాటు ఎవరి దగ్గర కనబడిందో చూడండి, బాలింత దగ్గర! తండ్రిగారికి ఆ అవసరం రాదన్నమాట. మూడేళ్ళు తిరక్కుండానే 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి మగవాళ్ళూ కంప్యూటర్లు ఇళ్ళకి తెచ్చుకున్నారు. మా ఇంట్లో ఉన్న ఒక్క తలుపు గదీ మా ఆయన మీటింగులకి వెళ్ళింది. నాకు వంటింటి పక్క బల్ల మిగిలింది. ఆయన చెడ్డవాడేమీ కాదు. 'నువ్వు అటూ ఇటూ సర్దుకోగలవు' అన్నాడు, సర్దుకున్నాను. అంతకుముందు ఏడాది, 2019లో, ప్రభుత్వం జరిపిన కాలవినియోగ సర్వేలో ఇంటి చాకిరీ చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు వెచ్చిస్తున్నట్టు తేలింది. నా తొమ్మిది గంటలు ఆ 299 నిమిషాల మీద అదనం.

2023 డిసెంబరు 4న మిచౌంగ్ తుపాను వానకి వేళచ్చేరి మునిగింది. మూడు రోజులు కరెంటు లేదు, ఫోన్ సిగ్నల్ లేదు. నాలుగోరోజు సిగ్నల్ రాగానే చూస్తే హైదరాబాదు నుంచి వచ్చిన సందేశం: ఆ మూడు రోజులకి డబ్బు రాదు, పని ముక్కల లెక్కన కదా. ఆఫీసు మునిగితే అది వాళ్ళ నష్టం, నా ఇల్లు మునిగితే నా నష్టం. కుర్చీ నాది, కరెంటు బిల్లు నాది, ఇంటర్నెట్ నాది. అమ్మమ్మకి కనీసం దారమైనా ఏజెంటు ఇచ్చేవాడు. ఇక్కడ ఆమెకీ నాకూ ఉన్న తేడాని దాచడం న్యాయం కాదు. నా సంపాదన ఆమె ఊహకి కూడా అందనిది, చదువుంది, ఒప్పందం కాగితం చదవగలను. ఆ కాగితంలో నన్ను 'ఉద్యోగి' అనలేదు, 'స్వతంత్ర సేవాదారు' అన్నారు. చదివే సంతకం పెట్టాను.

ఫారంలో 'గృహిణి' కొట్టేసి 'అనువాదకురాలు' అని రాసి ఇచ్చాను. సెక్రటరీగారు మర్యాదగా తీసుకున్నారు. మర్నాడు మీటింగులో ఉండగా ఫోన్ మోగింది. మెట్రో వాటర్ లారీ డ్రైవరు. కింద గేటు తీసి సంపు మూత ఎత్తాలట, సెక్రటరీగారు నా నంబరే ఇచ్చారట. మైకు ఆపి, చెప్పులేసుకుని కిందికి దిగాను.