ఉప్పు మోసినవాళ్లు, కరివేపాకు తెచ్చినవాళ్లు

ఒక ఆదివారం మా హాస్టల్ పిల్లలకు చిన్న పని చెప్పాను. "మీ నాయనమ్మ, అమ్మమ్మ చిన్నప్పుడు ఏం తినేవాళ్లో ఐదు వాక్యాలు రాయండి" అన్నాను. సుగాలి పిల్లలు జొన్న బాటి, గోంగూర అని రాశారు. ఎరుకల పిల్లలు జొన్నసంకటి, ఎండుచేపల పులుసు అని రాశారు. ఆరో తరగతి యానాది పాప ఒకతె తెల్లకాగితం ఇచ్చింది. ఎందుకమ్మా అని అడిగితే, "రాస్తే నవ్వుతారు మేడమ్" అంది.

ఆ పాప కోసమే ఈ వ్యాసం.

మా ప్రత్తిపాడు పేరులోనే ప్రత్తి ఉంది. చుట్టూ నల్లరేగడి, ఆ నేల నిండా పత్తి, మిరప. రెండూ అమ్ముకునే పంటలే. ఈ మధ్య పట్నాల్లో "పొలం నుంచి నేరుగా పళ్లెంలోకి" అంటూ బోర్డులు పెట్టి జొన్నరొట్టె, కొర్రన్నం వడ్డిస్తున్నారు. సంతోషమే. అయితే ఈ నేల మీద ఆ దారి కొత్తది కాదు. ఆ దారిలో బరువు మోసినవాళ్ల పేరు మాత్రం ఏ బోర్డు మీదా కనిపించదు.

మన మెట్ట ప్రాంతాల పాత తిండి జొన్న, వరిగ, కొర్ర, సజ్జ. పల్నాడులో జొన్న తప్ప వరి అన్నం కనబడదని 15వ శతాబ్దపు శ్రీనాథుడి పేర చెప్పే చాటువులు వాపోతాయి. మనం గుంటూరు గుర్తుగా చెప్పుకునే మిరపకాయ కూడా తర్వాత వచ్చిందే. అమెరికా ఖండాల మొక్క, 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడల వెంట మన దేశానికి చేరింది. అంతకు ముందు కూరలో కారం అంటే మిరియమే.

ధాన్యం పొలంలో పండుతుంది. ఉప్పు పండదు. తీరంలోని ఉప్పుకొటార్ల నుంచి లోపలి ఊళ్లకు ఉప్పు చేర్చినవాళ్లలో మన ఎరుకలవాళ్లు, సుగాలీలు ముఖ్యులు. ఎడ్ల మీద, గాడిదల మీద ఉప్పు వేసుకుని వెళ్లి, తిరుగుదారిలో ధాన్యం తెచ్చేవాళ్లు. మన తెగల పేర్లలోనే ఆ చరిత్ర ఉంది: ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల. వెదురు బద్దలతో బుట్టలు, చేటలు అల్లినవాళ్లు దబ్బ ఎరుకల. ఉప్పూ, పోపులోకి ఆకూ, ధాన్యం చెరిగే చేటా మన చేతుల మీదుగానే ఆ వంటిళ్లకు చేరాయి.

1832-33లో వచ్చిన డొక్కల కరువులో, సుమారు ఐదు లక్షల జనాభా ఉన్న గుంటూరు జిల్లాలో లక్షన్నర మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత 1855 నాటికి కృష్ణ మీద ఆనకట్ట వచ్చింది. డెల్టా వరి చేలయింది. మనలాంటి మెట్ట ఊళ్లు జొన్నతోనే ఉండిపోయాయి. 19వ శతాబ్దం రెండో సగంలో రైళ్లు, రోడ్లు వచ్చి ఉప్పు బండ్లకెక్కింది. మోసేవాళ్ల జీవనం పోయింది. బతుకుతెరువు పోయి తిరుగుతున్నవాళ్లను సర్కారు దొంగలుగా చూసింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికి వర్తింపజేశారు. 1913లో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్మెంటు వెలిసింది. ఊళ్లకు ఉప్పు తెచ్చినవాళ్లు హాజరు పట్టీలో పేరు పలికించుకోవాల్సి వచ్చింది. దేశమంతటా ఆ చట్టం రద్దయింది 1952లో.

మా అమ్మ కరివేపాకు గంపతో ఊళ్లు తిరిగింది. టీచర్ ట్రైనింగులో తోటివాళ్లు అడిగితే "అమ్మ వ్యాపారం చేస్తుంది" అని చెప్పేదాన్ని. అబద్ధం కాదు, నిజమూ కాదు. అందుకే ఆ తెల్లకాగితం నన్ను అంతగా పట్టి లాగింది.

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. 1970లలో సంకర పత్తి వచ్చింది. జొన్నచేలు తగ్గాయి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలి తీర్చిన ఆ బియ్యాన్ని నేను తక్కువ చేయను. 1987-88లో తెల్లదోమ పత్తిని తినేస్తే గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులు పురుగుమందే తాగి చనిపోయారు. ఆ మందులకూ కలుపుమందులకూ చేలల్లో ఉచితంగా దొరికే గురుగు కూర, దొగ్గలి కూర, చెంచలి కూర, పత్తిచేలో కాసే బుడమకాయలు తరిగిపోయాయి. రైతుకు అవి కలుపు. కూలికి వెళ్లే మన ఆడవాళ్లకు ఆ పూట కూర.

మరో ఆదివారం ఆ పాప నాయనమ్మ చూడటానికి వచ్చింది. "పెద్దమ్మా, చిన్నప్పుడు ఏం తినేవాళ్లు?" అని అడిగాను. పాప తల దించుకుంది. పెద్దమ్మ మాత్రం చెప్పింది: కోతలయ్యాక గట్ల మీద ఎలుక కన్నాలు వెతకడం, చిల్లికుండలో గడ్డి రాజేసి పొగ ఊదడం, కన్నంలో ఎలుకలు దాచిన వెన్నులు తవ్వి తీయడం, ఆ గింజలు దంచి వండుకోవడం. "ఎలుకల్ని పట్టకపోతే రైతుకి పంటేదమ్మా? మేం తిన్నది పోగా మిగిలిందే కదా ఆళ్లు తిన్నది" అని నవ్వింది. చుట్టూ చేరిన పిల్లలు నవ్వలేదు. "కన్నంలో పాముంటే?" అని అడిగారు. ఆమె చెప్పింది. గంట సేపు కదల్లేదు ఎవ్వరూ.

సాయంత్రం పాప కాగితం తెచ్చి ఇచ్చింది. ఐదు అడిగితే పదకొండు వాక్యాలు రాసింది.

మా హాస్టల్ బియ్యం, పప్పు లారీలోనే వస్తాయి. అది నేను మార్చలేను. ప్రహరీ పక్కన గోంగూర మడి, రెండు కరివేపాకు మొక్కలు మాత్రం వేశాం. నీళ్లు పోసే వంతు పిల్లలదే. మన సంఘం సభ్యులకు నా మనవి ఒక్కటే. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే, ఏం తిన్నారో, ఎక్కడ తెచ్చారో, ఎవరికి అమ్మారో, వాళ్ల మాటల్లోనే రాసి ఉంచండి. వచ్చే సంచికలో ఆ పాప కాగితం పక్కన వాటినీ అచ్చు వేద్దాం.