నేలను శుద్ధిచేయు సూక్ష్మజీవులు



పెంటకుప్పలో వేసిన చెత్త కొన్ని నెలలకు నల్లని యెరువగుట మీ రెఱిగినదే. ఆ పని చేయునవి కంటికి గానరాని సూక్ష్మజీవులు. పెట్రోలును, దానికి మూలమగు ముడిచమురును గూడ తినగల జీవులు వానిలో నున్నవి. చమురుచేత చెడిన నేలను, నీటిని బాగుచేయుటకు మనుష్యులు వాని సాయము పొందిన వృత్తాంతమును నేడు మనవి చేసెదను.

ఇట్టి జీవులు నేలలోను సముద్రములోను గలవని అమెరికా శాస్త్రజ్ఞుడు క్లాడ్ జోబెల్ 1946లో ఒక విపులవ్యాసమున వివరించెను. అయినను ఆ జ్ఞానము నూతినీటి కక్కఱకు వచ్చుటకు మఱి పాతికయేండ్లు పట్టెను.

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున అంబ్లర్ అను పట్టణము కలదు. అచ్చట నొక గొట్టమునుండి కాఱిన పెట్రోలు భూమిలో నింకి నీటియూటను జేరెను. తోడగలిగినంత తోడివేసిరి గాని, మంటిరేణువుల నంటుకొన్నది పైకి రాలేదు. అప్పుడు, 1972లో, రిచర్డ్ రేమండ్ అను శాస్త్రజ్ఞుడును అతని సహచరులును బావులగుండ భూమిలోనికి గాలిని, నత్రజని భాస్వరములు గల లవణములను పంపిరి. వారు క్రొత్త జీవులను దెచ్చి విడువలేదు. అచ్చటి జీవులకు తిండి సమృద్ధిగానే యున్నది. కొఱతపడినవి ప్రాణవాయువును, ఎరువును. ఆ కొఱత తీఱగనే యవి వృద్ధిపొంది, పెట్రోలును బొగ్గుపులుసు వాయువుగను నీరుగను మార్చసాగినవి. ఈ పద్ధతికి 1974లో పేటెంటు లభించెను.

తరువాత నింతకంటె పెద్ద పరీక్ష వచ్చెను. 1989 మార్చి 24వ తేదీన ఎక్సాన్ వాల్డెజ్ అను ఓడ అలాస్కా తీరమున రాతితిప్పకు దాకుటచే సుమారు 1 కోటి 10 లక్షల గ్యాలనుల ముడిచమురు కడలిపాలయ్యెను. చమురంటిన యొడ్డులపై నెరువు చల్లిరి. చల్లినచోట్ల చమురు త్వరగా క్షీణించుట కానవచ్చెను. కాని 2001లో త్రవ్వి చూడగా, గాలి సరిగా చొరని రాళ్లక్రింద నది యింకను మిగిలియుండెను.

దీనివలన మనము గ్రహింపవలసినది రెండు విషయములు. మంటిలోని పనివాండ్రకు గాలియు, తేమయు, ఎరువును తగినంత యున్నగాని పని సాగదు. కావున, ఏదో పొడి చల్లినంతనే నేల బాగుపడునని యెవరైన జెప్పినచో, ఇచ్చట దేని కొఱత యున్నదో ముందుగా చూచితిరా యని యడుగుడు. రెండవది, సీసము, పాషాణము వంటి ధాతువులను ఏ జీవియు తిని రూపుమాపజాలదు. వాని రూపము మార్చుట, కదలకుండ నొకచోట బంధించుట మాత్రము కొన్నిటికి సాధ్యము.

నూతినీట చమురువాసన తగిలినప్పుడు, పరీక్ష జరుగువఱకు దానిని త్రాగనీయకుడు. నీరు చెడుటకు ఒక రాత్రి చాలును. ఈ జీవులు దానిని బాగుచేయుటకు ఏండ్లు పట్టవచ్చును.