అండమాన్ దీవుల్లో అంబాసిడర్ కారు

అంబాసిడర్ హిందుస్థాన్ మోటార్స్ సంస్థ తయారుచేసిన కుటుంబ కారు. కోల్‌కతాకు ఆనుకుని హుగ్లీ ఒడ్డున ఉన్న ఉత్తర్‌పారా కర్మాగారంలో 1957–58లో దీని ఉత్పత్తి మొదలై 2014 మేలో ఆగింది. దీని మూలం బ్రిటన్‌లో మోరిస్ కంపెనీ అమ్మిన ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్. ఆ నమూనా పుట్టినింట 1959లోనే కనుమరుగైంది. భారత్‌లో మాత్రం మరో అర్ధ శతాబ్దానికి పైగా నడిచింది. పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుంచి శ్రీవిజయపురం) టాక్సీగా, అధికారుల వాహనంగా చాలాకాలం కనిపించింది. ఈ కారు బలమేమిటో, లోపమేమిటో అండమాన్‌లో తేలినంత స్పష్టంగా ప్రధాన భూభాగంలో తేలదు.

దీవులకు వాహనమైనా, దాని విడిభాగాలైనా చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం రేవుల నుంచి వెయ్యి కిలోమీటర్లకు పైగా సముద్రం దాటి రావాలి. తుపాను పట్టి ఓడ ఆలస్యమైతే సరుకూ ఆగిపోతుంది. అలాంటిచోట కారు విలువ దాని వేగంలో ఉండదు. చేతిలో ఉన్న పనిముట్లతో దాన్ని మళ్లీ నడిపించగలగడంలో ఉంటుంది. అంబాసిడర్‌కు అసలు బలం ఇదే. బానెట్ ఎత్తితే ఇంజన్ చుట్టూ చెయ్యి తిరిగేంత ఖాళీ ఉంటుంది. కార్బురేటర్, డిస్ట్రిబ్యూటర్, ప్లగ్గులు అన్నీ కంటికి కనిపిస్తాయి, రెంచీకి అందుతాయి. డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లు మాడితే గరుకు కాగితంతో రుద్ది, సందు సరిచేసి, బండిని మళ్లీ స్టార్ట్ చేయవచ్చు. కంప్యూటర్ తగిలిస్తే తప్ప రోగం తెలియని కార్లకు ఈ వీలు లేదు. దశాబ్దాల పాటు నమూనా పెద్దగా మారకపోవడం కొనేవారికి విసుగు కలిగించి ఉండవచ్చు గానీ, మెకానిక్‌కు వరమే. పాత బండి నుంచి విప్పిన భాగం చాలాసార్లు కొత్త బండికి సరిపోయేది.

తొలి బండ్లలో 1476 సీసీ సైడ్ వాల్వ్ ఇంజన్ ఉండేది. 1959లో దాని స్థానంలో 1489 సీసీ ఇంజన్ వచ్చింది. శక్తి సుమారు 55 హార్స్‌పవర్. ఈ లెక్కన చురుకైన బండి కాదు. అయినా తక్కువ వేగంలోనే లాగే గుణం ఉండడంతో మనుషులూ మూటలూ నిండినా మిట్ట ఎక్కేది. స్టీరింగ్ పక్కనే గేరు ఉన్న రోజుల్లో ముందు సీటు ఒకే బల్లలా ఉండి ముగ్గురికి చోటిచ్చేది. వెనక కమాన్లు గుంతలను ఓర్చుకునేవి. 330 కిలోమీటర్లకు పైగా సాగి పోర్ట్ బ్లెయిర్‌ను డిగ్లీపూర్‌తో కలిపే అండమాన్ ట్రంక్ రోడ్డుకు ఈ గుణాలన్నీ కావాలి. జిర్కాటాంగ్ దాటాక జరావా ఆదివాసుల రక్షిత ప్రాంతంలో వాహనాలు కాన్వాయ్‌గా నెమ్మదిగా, మధ్యలో ఆగకుండా సాగాలి. అక్కడ బండి నెమ్మదైతే నష్టం లేదు. మొరాయిస్తేనే ఇబ్బంది.

లోపాల్లో మొదట చెప్పవలసింది తుప్పు. అంబాసిడర్ రేకు మందంగా ఉంటుందన్నది నిజమే, కానీ మందం ఉన్నంత మాత్రాన తుప్పు ఆగదు. ఏటా దాదాపు 3000 మిల్లీమీటర్ల వాన, ఎప్పుడూ తేమగా ఉండే ఉప్పుగాలి ఈ దీవులవి. తలుపు అడుగున నీరు జారిపోయేందుకు చిన్న రంధ్రాలుంటాయి. అవి బురదతో పూడుకుపోతే నీరు లోపలే నిలుస్తుంది. తుప్పు లోపలి నుంచి మొదలవుతుంది. బయట పెయింట్ పొక్కులు లేచేసరికి లోపలి రేకును అది చాలావరకు తినేసి ఉంటుంది. ఈ కారుకు విడిగా ఛాసిస్ లేదు, బాడీయే భారం మోస్తుంది. అందుకే తలుపుల కింది అంచులు పుచ్చిపోతే అది అందానికి సంబంధించిన సంగతి కాదు, బండి వెన్ను విరగడమే. పుట్టీ పూసి రంగేస్తే లోపం కనబడదు గానీ బలం తిరిగి రాదు. పుచ్చిన రేకు కోసేసి కొత్తది వెల్డింగ్ చేయవలసిందే.

బ్రేకులది రెండో స్థానం. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే ఉన్న బండ్లు దిగుడులో వరసగా తొక్కితే వేడెక్కి పట్టు తగ్గేవి. నీటిలోంచి వచ్చాక ఆరేదాకా సరిగా పట్టేవి కావు. కొండదారిలో ఇది ప్రాణాంతకమైన లోపం. దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. డిస్క్ బ్రేకులు చాలా ఆలస్యంగా వచ్చాయి. ముందు చక్రాల కీళ్లకు క్రమం తప్పకుండా గ్రీజు పట్టించాలి. మరచిపోతే స్టీరింగ్ బరువెక్కి, కీళ్లు వదులై, బండి పక్కకు లాగుతుంది. ఇక ఇంధనం ఎక్కువే తాగేది.

1990ల తొలి ఏళ్లలో 1817 సీసీ ఇసుజు ఇంజన్, ఐదు గేర్లు వచ్చి వేగం లోటు చాలావరకు తీరింది. అప్పటికే మారుతి కార్లు మార్కెట్‌ను మార్చేశాయి. పోటీ లేని లైసెన్సుల కాలంలో నాణ్యత పెంచకుండా వదిలేసిన ఏళ్లే ఈ కారుకు ఎక్కువ చేటు చేశాయి. తలుపులు సరిగా కూర్చోకపోవడం, వాన నీరు లోపలికి కారడం వంటివి బ్రిటిష్ రూపకల్పన లోపాల కంటే కర్మాగారం అలసత్వాన్నే ఎక్కువగా చూపిస్తాయి.

మళ్లీ తుప్పు సంగతికి వస్తే, 2011 జనగణన ప్రకారం దీవుల జనాభాలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. ఎక్కువమంది మూలాలు ఉత్తరాంధ్ర తీరంలో ఉన్నాయి. విశాఖ గాలిలోని ఉప్పు కార్ల రేకును ఏం చేస్తుందో తెలిసినవారికి పోర్ట్ బ్లెయిర్ గాలి కొత్త కాదు.

2017లో అంబాసిడర్ పేరును ఫ్రాన్స్‌కు చెందిన ప్యూజో గ్రూపు రూ. 80 కోట్లకు కొనుక్కుంది. ఉత్పత్తి ఆగిపోయాక బండిని నిలబెట్టుకోవాలనుకునేవారు ఇంజన్ గురించి కంటే అడుగు రేకు గురించే ఎక్కువ జాగ్రత్త పడాలి: వాన వెలిశాక మంచినీటితో కింద కడగడం, తలుపు రంధ్రాలు పుల్లతో తెరవడం, ఏటా అడుగుకు తుప్పు పట్టనివ్వని పూత వేయించడం.